పాత ఇనుములో పడిన కోబాల్ట్: రేడియోధార్మిక పదార్థాలకు కాపలా ఎక్కడ తప్పుతోంది?

2010 ఏప్రిల్ మొదట్లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారుకు చెందిన ఒక వ్యాపారి ఒంటి మీద చర్మం నల్లబడి, జుట్టు రాలిపోతుండగా ఆసుపత్రిలో చేరాడు. కొద్ది రోజుల్లోనే అదే బజారులో పనిచేసే మరికొందరు అలాంటి లక్షణాలతోనే వచ్చారు. అనుమానం బలపడి, అణుశక్తి నియంత్రణ మండలి, భాభా అణు పరిశోధన కేంద్రం నిపుణులు రేడియేషన్ కొలిచే పరికరాలు పట్టుకుని ఆ ఇరుకు సందుల్లోకి దిగినప్పుడు, సీసం, రాగి, ఉక్కు కుప్పల మధ్య కోబాల్ట్–60 ముక్కలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. ఒక వ్యాపారి అయితే అందులోని ఒక చిన్న ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు. మొత్తం ఏడుగురు రేడియేషన్ దెబ్బకు గురికాగా, వారిలో ఒకరు ఆ నెలాఖరులోపే ప్రాణం వదిలారు.

కోబాల్ట్ ఎక్కడిదని ఆరా తీస్తే ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో తేలింది. అప్పటికి దాదాపు నలభై ఏళ్ల కిందట కెనడా నుంచి తెప్పించుకున్న, కోబాల్ట్ నింపిన ఒక గామా కిరణాల పరికరం 1985 నుంచి ఎవరూ ముట్టుకోకుండా ఒక గదిలో పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో పనికిరాని సామానుతో పాటు దాన్నీ వేలం వేశారు. పాడుకున్నవారు డబ్బు కట్టి తీసుకెళ్లారు, విప్పి సీసం ఒక పక్కన, ఉక్కు ఒక పక్కన వేసుకున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ ఏ తాళమూ పగలగొట్టలేదు. దేశ రాజధానిలో, పేరున్న విశ్వవిద్యాలయంలో, వేలం పాట పద్ధతి ప్రకారమే ప్రాణాంతకమైన పదార్థం వీధిలోకి వచ్చింది.

రేడియోధార్మిక పదార్థాల చోరీ అనగానే మనకు నల్లముసుగు వేసుకున్న మనిషి, అణుబాంబు, ఎక్కడో ఒక ఉగ్రవాద శిబిరం గుర్తొస్తాయి. ప్రభుత్వాలు కూడా బడ్జెట్ అడిగేటప్పుడు ఆ బొమ్మనే చూపిస్తాయి. ఆ భయం పూర్తిగా కల్పితం కాదు. అయితే గత నలభై ఏళ్లలో నిజంగా మనుషులు చనిపోయిన సంఘటనలను వరుసగా పెట్టి చూస్తే, వాటిలో చాలావాటి మూలం యంత్రం పనికిరాకుండా పోయిన రోజు దగ్గర దొరుకుతుంది. యంత్రం పనిచేస్తున్నంత కాలం దానికి ఒక యజమాని, ఒక తాళం, ఒక రిజిస్టరు ఉంటాయి. మూలపడిన తరువాత అది గదిలో చోటు ఆక్రమించే బరువు మాత్రమే. ప్రభుత్వాలు చేస్తున్న ప్రయత్నాలను ఈ కోణం నుంచి చూస్తే, ఏది గట్టిగా ఉందో, ఏది వదులుగా ఉందో త్వరగానే అర్థమవుతుంది.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకోవాలి. బాంబుకు పనికొచ్చే పదార్థం వేరు, రేడియేషన్ ఇచ్చే పదార్థం వేరు. బాగా శుద్ధి చేసిన యురేనియం, ప్లుటోనియం మొదటి కోవకు చెందుతాయి. వీటి మీద చాలావరకు ప్రభుత్వాలకే అధికారం ఉంటుంది, సాయుధ కాపలా ఉంటుంది, గ్రాముల్లో లెక్క ఉంటుంది. రెండో కోవలోని కోబాల్ట్–60, సీజియం–137, ఇరిడియం–192, అమెరీషియం–241 వంటివి మన మధ్యే ఉంటాయి. క్యాన్సర్ ఆసుపత్రిలో కోబాల్ట్ యంత్రం, రక్తనిధిలో రక్తాన్ని రేడియేషన్‌కు గురిచేసే పెట్టె, చమురు బావిలో రాతి పొరల స్వభావం తెలుసుకునే పరికరం, నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో ఉల్లిపాయలు మొలకెత్తకుండా చూసే కేంద్రం, గ్యాస్ పైపులైను అతుకుల్లో పగుళ్లు వెతికే ‘కెమెరా’ అన్నీ వీటి మీదే నడుస్తాయి. ఈ రంగంలో ఉన్నవారు ఆ పదార్థం నింపి మూసిన లోహపు గొట్టాన్ని క్లుప్తంగా ‘సోర్స్’ అంటారు. సోర్స్ ఎంత తెచ్చినా అణుబాంబు తయారు కాదు. మామూలు పేలుడు పదార్థంతో కలిపి దాన్ని ఊరి మీద చల్లడం మాత్రం సాధ్యమే. డర్టీ బాంబు అని పత్రికలు రాసేది దీని గురించే.

అన్ని సోర్సులూ ఒకటే ప్రమాదం కాదు కాబట్టి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ వాటిని ఐదు తరగతులుగా విడగొట్టింది. ఒక్కో పదార్థానికి, అదుపు తప్పితే మనిషికి తీవ్రమైన హాని చేయగల కనీస పరిమాణాన్ని మొదట లెక్కగట్టారు. రేడియోధార్మికతను కొలిచే టెరాబెకరెల్ లెక్కలో కోబాల్ట్–60 విషయంలో అది 0.03, సీజియం–137కు 0.1. దానికి వెయ్యి రెట్లు దాటితే మొదటి తరగతి, పది నుంచి వెయ్యి రెట్ల మధ్య రెండోది, ఒకటి నుంచి పది రెట్ల మధ్య మూడోది. అంటే కోబాల్ట్ 30 టెరాబెకరెల్, పాత లెక్కలో సుమారు 800 క్యూరీలు దాటితే మొదటి తరగతిలో పడుతుంది. కొత్తగా సోర్స్ నింపిన క్యాన్సర్ చికిత్స యంత్రంలో 10 వేల క్యూరీల దాకా ఉండవచ్చు. మొదటి రెండు తరగతుల మీద ప్రభుత్వాలు కన్నేసి ఉంచుతాయి, మూడో తరగతి దగ్గర చూపు పలచబడుతుంది. ఆ సందు దొంగకు ఎంత ఉపయోగకరమో తరువాత చూద్దాం.

ఈ విషయంలో పాఠ్యపుస్తకంలాంటి ఘటన బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో 1987లో జరిగింది. ఒక ప్రైవేటు రేడియోథెరపీ సంస్థ వేరేచోటికి మారిపోతూ పాత భవనంలో సీజియం యంత్రాన్ని వదిలేసింది. సెప్టెంబరులో ఇద్దరు మనుషులు ఆ పాడుబడిన భవనంలోకి వెళ్లి, అమ్ముకుంటే నాలుగు డబ్బులు వస్తాయని యంత్రపు తల భాగాన్ని ఊడదీసి తోపుడు బండి మీద తీసుకెళ్లారు. విప్పే ప్రయత్నంలో లోపలి గొట్టానికి రంధ్రం పడింది. దాన్ని కొన్న పాత సామాను వ్యాపారి ఆ రాత్రి చీకట్లో గొట్టం నుంచి నీలికాంతి రావడం చూశాడు. ఏదో అపురూపమైన వస్తువనుకుని ఇంట్లోకి తెచ్చి బంధుమిత్రులను పిలిచి చూపించాడు, బియ్యపు గింజలంత ముక్కలను పంచిపెట్టాడు. కొందరు ఆ పొడిని ఉత్సవాల్లో తళుకు రాసుకున్నట్టు ఒంటికి రాసుకున్నారు. ఆరేళ్ల పాప అది అంటిన చేతులతోనే తిండి తిన్నది. ఇంట్లో అందరికీ ఒకేసారి జబ్బు చేయడానికి ఈ వస్తువే కారణమని మొదట పసిగట్టింది ఏ అధికారీ కాదు, ఆ వ్యాపారి భార్య. మిగిలిన భాగాన్ని సంచిలో వేయించి, సిటీ బస్సులో ఆరోగ్య శాఖ కార్యాలయానికి చేర్చి, అక్కడి డాక్టరు ముందు పెట్టించింది. ఆమె, ఆ పాప, దుకాణంలో పనిచేసే ఇద్దరు చనిపోయారు. నగరంలోని ఒలింపిక్ స్టేడియంలో 1,12,000 మందిని పరీక్షించగా 249 మందికి సీజియం అంటినట్టు తేలింది. ఇంత బీభత్సానికి కారణమైన పదార్థం బరువు 93 గ్రాములు.

ఆ 93 గ్రాములు అంతగా పాకడానికి కారణం దాని రూపం. అది సీజియం క్లోరైడ్, అంటే ఉప్పులాంటి పొడి. నీటిలో కరుగుతుంది, గాలికి లేస్తుంది, గోడ సిమెంటులోకి ఇంకుతుంది. కోబాల్ట్ అయితే గట్టి లోహపు గుళికలుగా ఉంటుంది, మనిషిని దగ్గర నుంచి కాల్చేస్తుంది కానీ పొడిలా ఊరంతా పాకదు. కాబట్టి దుర్వినియోగం గురించి ఆలోచించే అధికారులకు అన్నిటికంటే ఎక్కువ నిద్ర పట్టనివ్వనిది సీజియం క్లోరైడే.

డర్టీ బాంబు ఇంతవరకు ప్రపంచంలో ఎక్కడా పేలలేదు. దానికి అతి దగ్గరగా వచ్చిన సంఘటన 1995 నవంబరులో మాస్కోలో జరిగింది. చెచెన్ తిరుగుబాటు నాయకుడు షమీల్ బసాయెవ్ ఒక టీవీ చానెల్‌కు కబురు పెట్టి, ఇజ్మైలోవ్ పార్కులో సీజియం పొట్లం పాతిపెట్టామని చెప్పాడు, విలేకరులు వెళ్లి చూస్తే నిజంగానే ఉంది. పేల్చలేదు, బెదిరించడానికే వాడుకున్నారు. అలాంటిది పేలితే చనిపోయేవారి సంఖ్య కంటే, ఖాళీ చేయాల్సి వచ్చే వీధుల సంఖ్యే ఎక్కువగా ఉంటుందని నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. దీనికి అనుకోని రుజువు 2019 మేలో అమెరికాలోని సియాటెల్‌లో దొరికింది. ఒక వైద్య పరిశోధన భవనంలోని సీజియం పరికరాన్ని, భద్రత కోసమే, ప్రభుత్వ కార్యక్రమం కిందనే తొలగిస్తుండగా, కాంట్రాక్టు పనివాళ్లు పొరపాటున సోర్స్ గొట్టాన్ని కోశారు. బయటికి వచ్చింది అతి కొద్ది పొడి. పదమూడు మందికి అంటుకుంది, ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. కానీ ఏడంతస్తుల భవనం సంవత్సరాల తరబడి మూతపడింది, శుభ్రం చేయడానికి 15 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. కావాలని చల్లితే ఎంతవుతుందో ఊహించుకోవచ్చు.

ప్రభుత్వాలు ఈ రంగంలో గట్టిగా కదిలింది సోవియట్ యూనియన్ కూలిపోయాక. అంతవరకు అక్కడ ప్రతిదీ ప్రభుత్వానిదే కాబట్టి, పోతే పట్టుకునే యంత్రాంగం వేరే ఉండాలని ఎవరూ అనుకోలేదు. ఆర్కిటిక్ తీరంలోని దీపస్తంభాలకు, దూరపు కొండల్లోని సిగ్నల్ కేంద్రాలకు విద్యుత్తు కోసం స్ట్రాన్షియం–90 నింపిన జనరేటర్లను వందల సంఖ్యలో పెట్టి వదిలేశారు. 2001 డిసెంబరులో జార్జియాలోని లియా గ్రామానికి చెందిన ముగ్గురు కట్టెల కోసం అడవికి వెళ్లి, మంచు కరిగిపోయిన ఒక చోట వేడిగా ఉన్న రెండు లోహపు డబ్బాలను చూశారు. ఆ రాత్రి చలికి వాటినే కుంపటిలా పక్కన పెట్టుకుని పడుకున్నారు. తెల్లవారేసరికి వాంతులు మొదలయ్యాయి, వీపులు కాలిపోయాయి, వారిలో ఒకరు 2004లో మరణించారు. ఈ జనరేటర్లను వెతికి ఏరడానికి అమెరికా, కెనడా, ఫ్రాన్స్, నార్వే డబ్బు పెట్టాయి. తన పొరుగున ఉన్న రష్యా తీరంలోని దీపస్తంభాల నుంచి స్ట్రాన్షియం తీయించి, వాటి స్థానంలో సౌర ఫలకాలు బిగించేందుకు నార్వే పెట్టిన ఖర్చు, నా ఉద్దేశంలో, ఈ రంగంలో ప్రభుత్వాలు చేసిన అతి తెలివైన ఖర్చుల్లో ఒకటి. అక్కడ ఇప్పుడు కాపలా అవసరమే లేదు, దొంగిలించడానికి ఏమీ మిగల్లేదు.

కాగితం మీది వ్యవస్థ కూడా ఈ కాలంలోనే రూపం దిద్దుకుంది. అణు పదార్థాల భౌతిక రక్షణ ఒడంబడిక 1980 నాటిదే అయినా, అది ప్రధానంగా యురేనియం, ప్లుటోనియంల గురించి, అవి దేశాల మధ్య ప్రయాణించడం గురించి మాట్లాడింది. దేశంలోపలి నిల్వలకు కూడా వర్తించేలా 2005లో చేసిన సవరణ, తగినన్ని దేశాలు ఆమోదించేసరికి 2016 మే వచ్చింది. సోర్సుల విషయంలో 2003లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఆమోదించిన ప్రవర్తనా నియమావళి ఉంది. ప్రతి దేశం జాతీయ రిజిస్టరు పెట్టుకోవాలని, స్వతంత్ర నియంత్రణ సంస్థ ఉండాలని, ప్రమాదకర తరగతుల సోర్సులను ఎగుమతి చేసే ముందు కొనే దేశపు సమ్మతి తీసుకోవాలని అది చెబుతుంది. దానికి చట్టబలం లేదు. రాజకీయంగా మాట ఇచ్చిన దేశాలు మాట మీద నిలబడాలి, అంతే. ఇదే సంస్థ 1995 నుంచి నడుపుతున్న సంఘటనల రిజిస్టరులో 1993 తరువాతి నాలుగు వేలకు పైగా ఉదంతాలు చేరాయి. పోయినవి, దొరికినవి, దొంగిలించినవి, అక్రమంగా పారేసినవి అన్నీ అందులో ఉంటాయి. వాటిలో స్పష్టంగా అక్రమ వ్యాపారం లేదా దురుద్దేశంతో ముడిపడినవి కొన్ని వందలే.

లైసెన్సు అనేది ఈ గోడలో మొదటి ఇటుక. ఆ ఇటుక ఎంత గట్టిదో చూడాలని 2007లో అమెరికా పార్లమెంటుకు తనిఖీలు చేసిపెట్టే జవాబుదారీ కార్యాలయం ఒక చిన్న నాటకం ఆడింది. ఉనికిలో లేని ఒక కంపెనీ పేరిట, కేవలం ఒక తపాలా పెట్టె చిరునామాతో, రేడియోధార్మిక పరికరాలు కొనేందుకు దరఖాస్తు పెట్టింది. 28 రోజుల్లో లైసెన్సు వచ్చింది. ఆ కాగితం మీద పరిమితిని దిద్ది, నకలు తీసి చూపితే, అమ్మకందారులు డజన్ల కొద్దీ పరికరాలకు ఆర్డరు తీసుకోవడానికి సిద్ధపడ్డారు. ఆ తరువాత నిబంధనలు బిగించారు, మొదటి రెండు తరగతుల సోర్సులు ఎవరి దగ్గర ఉన్నాయో గమనించే జాతీయ స్థాయి జాడ వ్యవస్థ 2009లో మొదలైంది. అయినా అదే కార్యాలయం 2016లో ఒకసారి, 2022లో మరోసారి మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ దొరికింది. ప్రతిసారీ దొరికినది మూడో తరగతి పరిమాణమే, అంటే జాడ వ్యవస్థ మొదలయ్యే గీతకు సరిగ్గా దిగువన. అలాంటివి నాలుగు కొంటే రెండో తరగతి అవుతుందన్న మాట లెక్కల మాస్టారు ఎవరైనా చెబుతారు. దొంగవేషం వేసి తన ఇంటి తలుపునే తట్టి చూసుకునే ఇలాంటి అలవాటు మన దేశపు తనిఖీ సంస్థలకు కూడా ఉంటే బాగుండుననిపిస్తుంది.

రెండో బలహీనత రోడ్డు మీద ఉంది. నాలుగు గోడల మధ్య ఉన్న సోర్స్ కంటే లారీలో ఉన్న సోర్స్‌ను ఎత్తుకుపోవడం తేలిక. 2013 డిసెంబరులో మెక్సికోలో, టిజువానా ఆసుపత్రి నుంచి తీసిన సుమారు 3,000 క్యూరీల కోబాల్ట్‌ను వ్యర్థాల కేంద్రానికి తీసుకెళ్తున్న లారీ, డ్రైవరు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి ఉండగా చోరీకి గురైంది. దొంగలకు కావాల్సింది లారీ. లోపల ఏముందో తెలియక పెట్టె విప్పి, సోర్స్‌ను పొలంలో పారేసి పోయారు. రెండు రోజుల తరువాత దొరికింది. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇంకా విచిత్రంగా, ఇనుప ఖనిజం గని నుంచి పెర్త్ నగరానికి వెళ్తున్న లారీ కుదుపులకు పరికరం బోల్టు ఊడి, ఆ రంధ్రం లోంచి 6 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల పొడవున్న సీజియం గుళిక జారి రోడ్డున పడింది. 1,400 కిలోమీటర్ల దారిలో మాత్రకంటే చిన్న వస్తువు కోసం వెతకాలి. డిటెక్టరు బిగించిన వాహనాన్ని గంటకు 70 కిలోమీటర్ల వేగంతో నడుపుతూ వెతికి, ఫిబ్రవరి 1న రోడ్డుకు రెండు మీటర్ల దూరంలో పట్టుకున్నారు. ఇలాంటి నిర్లక్ష్యానికి అప్పట్లో అక్కడి చట్టం ప్రకారం గరిష్ఠ జరిమానా వెయ్యి డాలర్లు. చట్టం 1975 నాటిది, ఆ అంకెను అప్పటిదాకా ఎవరూ మళ్లీ ముట్టుకోలేదు.

ఇక పోయినదాన్ని పట్టుకునే వల ఉంది. దాని పుట్టుక కూడా యాదృచ్ఛికమే. 1984 జనవరిలో అమెరికాలోని లాస్ అలమోస్ అణు ప్రయోగశాల దగ్గర, కట్టడాలకు వాడే ఇనుప చువ్వల లారీ ఒకటి అటుగా రావడంతో రోడ్డు పక్కన ఉన్న డిటెక్టరు మోగింది. ఆ లారీ దారి తప్పి వచ్చింది. చువ్వలను ఆరా తీస్తే, మెక్సికోలోని సియుదాద్ హువారెజ్‌లో ఒక ఆసుపత్రి 1977లో కొని, బిగించకుండా గోదాములో పడేసిన కోబాల్ట్ యంత్రం పాత ఇనుముగా అమ్ముడుపోయి, అందులోని సుమారు ఆరు వేల చిన్న గుళికలు కొలిమిలోకి చేరాయని తేలింది. ఆ ఇనుముతో కట్టిన 800కు పైగా భవనాలను కూల్చాల్సి వచ్చింది. ఆ లారీ సరైన దారిలోనే వెళ్లి ఉంటే ఆ ఇళ్లలో ఎంతకాలం కాపురాలు చేసేవారో.

ఈ అనుభవంతోనే ఓడరేవుల్లో, సరిహద్దుల్లో, ఉక్కు కర్మాగారాల గేట్ల దగ్గర రేడియేషన్‌ను పసిగట్టే ద్వారాలు పెట్టడం మొదలైంది. లారీ వాటి మధ్య నుంచి మెల్లగా సాగుతుంటే పక్క స్తంభాల్లోని పరికరాలు కొలుస్తాయి. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ రేడియేషన్ కొలిచే ఇలాంటి పరికరాల తయారీలో దశాబ్దాలుగా ఉంది. మన దేశానికి ఈ వల ఎంత అవసరమో 2008లో ఫ్రాన్స్ నుంచి కబురు వచ్చినప్పుడు తెలిసింది. అక్కడి లిఫ్టుల్లో వాడే బొత్తాలు కోబాల్ట్ కలిసిన భారతీయ ఉక్కుతో తయారయ్యాయి. దేశంలోకి వచ్చే పాత లోహానికి, రేడియోధార్మికత లేదని ఓడ ఎక్కకముందే ధ్రువపత్రం ఉండాలన్న నిబంధన ఇప్పుడు ఉంది. ఆంధ్ర తీరంలోని రొయ్యల రైతులకూ ఈ విషయం పరాయిది కాదు. 2025 ఆగస్టులో అమెరికా ఆహార నియంత్రణ సంస్థ, మన రొయ్యలకు పోటీదారైన ఇండోనేషియా సరుకులో సీజియం–137 జాడ కనబడిందని ప్రకటించింది. పరిమాణం ప్రమాదకర స్థాయికి చాలా దిగువనే ఉంది. చెరువుల్లో తప్పేమీ లేదు; ప్యాకింగ్ జరిగే పారిశ్రామిక వాడలోనే పాత ఉక్కు కరిగించే కర్మాగారం ఉందని, కాలుష్యం అక్కడి నుంచే వచ్చిందని అక్కడి ప్రభుత్వం తేల్చింది. ఎవరో ఎక్కడో లెక్క తప్పిన ఒక సోర్స్, దానితో ఏ సంబంధమూ లేని రొయ్యల వ్యాపారాన్ని దెబ్బకొట్టింది.

మన దేశంలో ఈ బాధ్యత 1983 నవంబరులో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. సోర్స్ కొనాలన్నా, మార్చాలన్నా, తరలించాలన్నా దాని అనుమతి ఉండాలి. వాడే ప్రతి సంస్థలో అర్హత గల రేడియేషన్ భద్రతా అధికారి ఉండాలి. దిగుమతి చేసుకునేటప్పుడే, వాడకం ముగిశాక వెనక్కి తీసుకుంటామని అమ్మినవారు ఒప్పుకోవాలి. ఇప్పుడు ఈ దరఖాస్తులన్నీ ‘ఈ–లోరా’ అనే కంప్యూటరు వ్యవస్థలో నడుస్తాయి. సోర్సుల భద్రతకు, వాటి రవాణాకు వేరువేరు మార్గదర్శకాలూ ఉన్నాయి. కానీ మాయాపురి యంత్రం మండలి పుట్టడానికి పదేళ్లకు పైగా ముందే దేశంలోకి వచ్చింది. పుట్టకముందటి పద్దులు ఎవరు రాస్తారు? 2012లో కాగ్ నివేదిక ఈ విషయాన్ని మొహమాటం లేకుండా చెప్పింది: వాడకం ముగిసిన సోర్సులు సురక్షితంగా చేరాల్సిన చోటికి చేరుతున్నాయో లేదో చూసేందుకు కావలసిన పూర్తి జాబితా మండలి దగ్గర లేదు. మండలికి చట్టబద్ధమైన స్వతంత్ర హోదా ఇవ్వాలని తెచ్చిన 2011 నాటి బిల్లు ఆ లోక్‌సభతోనే మురిగిపోయింది. ఆ హోదా 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టంతో గానీ రాలేదు.

మన గోదావరి జిల్లాల్లో కూడా ఒకసారి గుండె జారింది. 2020 జనవరిలో చమురు బావుల పనికి వాడే సీజియం–137 ఉన్న పెట్టె తూర్పు గోదావరి వైపు కనబడకుండా పోయింది. పోలీసులు రోజుల తరబడి వెతగ్గా చివరకు కృష్ణా జిల్లా కలిదిండిలో దొరికింది. ఎక్కడనుకున్నారు, పాత ఇనుము దుకాణంలోనే. పెట్టె బరువుగా ఉంది, బరువుకు ధర ఉంది, అంతకంటే వేరే ఉద్దేశం ఎవరికీ అక్కర్లేదు. పైపులైను అతుకులను పరీక్షించే ఇరిడియం కెమెరా కూడా అంతే; ఇరవై కిలోలకు అటూ ఇటూ బరువుండే ఆ చిన్న పెట్టెను చూస్తే, లోపల విలువైన లోహం ఉందనే ఎవరైనా అనుకుంటారు.

ఇరిడియం అన్నాను కాబట్టి ఒక చిన్న పక్కదారి. మన రెండు రాష్ట్రాల్లో ‘రైస్ పుల్లింగ్’ చెంబు పేరుతో మోసపోయినవారి కథలు తరచుగా పత్రికల్లో కనబడతాయి. పిడుగు పడిన పాత రాగి పాత్రలో ఇరిడియం పుట్టిందని, అది బియ్యపు గింజలను లాగుతుందని, విదేశీ అంతరిక్ష సంస్థ కోట్లు పెట్టి కొంటుందని నమ్మబలికి, రేడియేషన్ తగలకుండా అంటూ ప్రత్యేక దుస్తులు వేసుకుని ‘పరీక్ష’ చేసి, అడ్వాన్సు తీసుకుని మాయమవుతారు. లేని ఇరిడియం పేరు చెబితే జనం ఆస్తులు అమ్మి డబ్బు తెస్తున్నారు. నిజమైన ఇరిడియం–192 పక్కనే ఉన్నా పోల్చుకోలేరు, ఎందుకంటే దానికి వాసన లేదు, వెలుగు లేదు, గింజలను లాగదు. పెట్టె మీద ఉండే మూడు రెక్కల గుర్తు ఏమిటో, పాత ఇనుము కొనేవారికి తెలిస్తే మేలు. గొయానియాలో గానీ, మాయాపురిలో గానీ ఆ గుర్తును చదవగలిగిన మనిషి ఆ దుకాణంలో లేడు.

ఇప్పుడు ప్రభుత్వాల ఆలోచన కాపలా నుంచి మెల్లగా మరో వైపు తిరుగుతోంది. సోర్సే లేకపోతే చోరీ లేదు. రక్తాన్ని రేడియేషన్‌కు గురిచేసే పనిని ఇప్పుడు ఎక్స్‌రే యంత్రాలూ చేయగలవు. ప్లగ్గు పీకేస్తే అది వట్టి ఇనుప పెట్టె. నార్వే, ఫ్రాన్స్ ఇలా సీజియం రక్త పరికరాలను వదిలించుకున్నాయి. అమెరికా ఇదే పనికి 2027 చివరిని గడువుగా పెట్టుకుని, మార్చుకునే ఆసుపత్రులకు సొమ్ము సాయం చేస్తోంది. మన దేశం మరో దారి పట్టింది. అణు ఇంధన వ్యర్థాల నుంచి వేరుచేసిన సీజియంను పొడిగా కాకుండా గాజులో కలిపి కడ్డీలుగా పోతపోసి, రక్త పరికరాలకు అదే వాడుతోంది. గాజు నీటిలో కరగదు, పగిలినా పొడిలా గాలికి లేవదు. ఊరూరా నమ్మకమైన విద్యుత్తు, మరమ్మతు చేసే ఇంజినీరు దొరకని దేశానికి ఈ మధ్యేమార్గం తెలివైనదే. క్యాన్సర్ చికిత్సలోనూ ఇదే తూకం ఉంది. విద్యుత్తుతో కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్‌లో దొంగిలించడానికి ఏమీ ఉండదు, కానీ కరెంటు పోతే ఆగిపోతుంది. కోబాల్ట్ యంత్రం చిన్న పట్టణంలోనూ నడుస్తుంది, కానీ దాని కోబాల్ట్‌లో సగం 5.27 ఏళ్లకొకసారి హరించుకుపోతుంది. అలా బలహీనపడిన సోర్స్ చికిత్సకు పనికిరాదు, మనిషిని చంపడానికి మాత్రం చాలినంత ఉంటుంది.

అక్కడే అసలు ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. పాత సోర్స్‌ను తీసి, సీసపు పీపాలో పెట్టి, అనుమతులు తెచ్చి, లారీలో పంపి, ఎక్కడో శాశ్వతంగా పూడ్చడానికి అయ్యే ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? యంత్రం కొనేటప్పుడు ప్రారంభోత్సవానికి మంత్రి వస్తాడు. పారేసేటప్పుడు బిల్లు మాత్రమే వస్తుంది. ఫ్రాన్స్ ఈ చిక్కును అమ్మకం రోజునే తేల్చేసింది. సోర్స్ వయసు సాధారణంగా పదేళ్లు, ఆ తరువాత అమ్మినవారు వెనక్కి తీసుకోవాలి, వారు దివాలా తీసినా పని ఆగకుండా ఆర్థిక హామీ ముందే చూపించాలి. అమెరికాలో అలాంటి ఏర్పాటు లేదు. సౌత్ కరొలినాలోని బార్న్‌వెల్ వ్యర్థాల కేంద్రం 2008లో చాలా రాష్ట్రాలకు తలుపులు మూసేయడంతో, అవసరం లేని సోర్సులు ఆసుపత్రుల్లో, కాలేజీల్లో పేరుకుపోయాయి. చివరకు ప్రభుత్వమే లాస్ అలమోస్ ప్రయోగశాల ద్వారా తిరిగి వాటిని ఏరుకొస్తోంది, ఇప్పటికి 40 వేలకు పైగా సేకరించింది. మన దగ్గర అమ్మినవారు వెనక్కి తీసుకోవాలన్న షరతు ఉంది. అమ్మిన విదేశీ కంపెనీ మూతపడితేనో, కొన్న నర్సింగ్ హోమ్ చేతులు మారితేనో ఆ షరతును ఎవరి మీద అమలు చేయాలన్నది, ఈ–లోరాలో ఒక గడి నింపినంత తేలిగ్గా తేలేది కాదు. మాయాపురిలో ఏరిన కోబాల్ట్ ముక్కలను చివరకు ప్రభుత్వమే నరోరా అణువిద్యుత్ కేంద్రానికి తీసుకెళ్లి భద్రపరిచింది. వేలంలో ఆ యంత్రానికి విశ్వవిద్యాలయం లెక్కగట్టుకున్నది మాత్రం పాత ఇనుము ధరే.